తూము పైన చేప, తూము కింద వరి

జార్ఖండ్‌లోని మా ఉక్కు పట్నంలో, జుగ్సలాయి బజారుకు ఆదివారం పొద్దున్నే చేపలకని వెళ్తే రెండు రకాల బేరం కనిపిస్తుంది. ఒకవైపు థర్మోకోల్ పెట్టెల్లో ఐసు ముక్కల కింద ఒకే అచ్చులో పోసినట్టుండే రోహు చేపలు. కిలో, కిలోన్నర, అన్నీ ఇంచుమించు ఒకే తూకం. ఎక్కడివంటే "ఆంధ్రా మాల్" అంటారు. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చెరువుల్లో పెరిగి లారీలెక్కి వచ్చిన మన శీలావతులే అవి. ఇంకోవైపు పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు అల్యూమినియం డేగిసాల్లో జానెడు నీళ్లు పోసి, పైన వలముక్క కప్పి కూర్చుంటారు. లోపల బతికున్న మాగుర్, సింఘీ, గరై. మన వైపు మార్పులు, ఇంగిలాయిలు, మట్టగిడసలు అనేవి ఇవే. వల తీస్తే నల్లగా మెలితిరుగుతాయి, బురద వాసన కొడతాయి. ధర మాత్రం ఐసు చేప కన్నా ఎక్కువ. జ్వరం పడి లేచినవాళ్లకు ఇవే పెట్టాలని ఇక్కడి నమ్మకం.

ఆ డేగిసాల్లోని చేపల్లో చాలావరకు వరి మళ్లలో దొరికినవే. ఎవరూ పిల్లలు వదల్లేదు, ఎవరూ మేత వేయలేదు.

అదే బజారులో బియ్యం కొట్టుకు వెళ్తే స్వర్ణ బియ్యం ఉంటుంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టి, 1982లో రైతుల చేతికొచ్చిన ఎంటీయూ 7029 రకమే ఆ స్వర్ణ. జార్ఖండ్, ఒడిశా, బెంగాల్ పల్లపు భూముల్లో అది ఎంతగా పాతుకుపోయిందంటే, అది పరాయి ఊరి విత్తనమన్న సంగతే ఇక్కడి రైతులు మరిచిపోయారు. అంటే గోదావరి గట్టు నుంచి ఈ ఉక్కు పట్నానికి వరీ వచ్చింది, చేపా వచ్చింది. కానీ రెండూ వేరువేరు దారుల్లో వచ్చాయి, వేరువేరు చేతుల మీదుగా వచ్చాయి. ఒకే మడిలో రెండూ పండుతాయని శాస్త్రవేత్తలు అర్ధశతాబ్దంగా చెబుతున్నారు. పండించి చూపించారు కూడా. అయినా తెలుగునాట అది రైతు ఇంటి పని ఎందుకు కాలేదు? ఇక్కడ, గోల్‌మురీ-కమ్-జుగ్సలాయి అని మా పేటపేరుతోనే ఉన్న బ్లాకులోని పల్లెల్లో, అవుతుందా? ఈ వ్యాసం ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ముందు నేల సంగతి. ఛోటానాగ్‌పూర్ భూమి చాపలా పరుచుకుని ఉండదు, మెట్లుమెట్లుగా దిగుతుంది. పై మెట్టను టాండ్ అంటారు, దిగువ మడిని దోన్ అంటారు. దోన్‌లోనూ పైది, నడిమిది, అడుగుది అని తరగతులున్నాయి. అడుగు దోన్‌లో ఆషాఢంలో చేరిన నీరు కార్తీకం దాకా తడి వదలదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడిన మా పెద్దలకు ఇది కొత్త కాదు. అక్కడి గరువు, పల్లం ఇక్కడి టాండ్, దోన్. తొలకరికి కొత్తనీరు గెడ్డలోంచి ఎదురు తన్నుతుంటే చేపలు ఆ నీటి వాసన పట్టి మడినుంచి మడికి ఎక్కుతాయి, మళ్లలోనే గుడ్లు పెడతాయి. వానలు వెనకబట్టి నీళ్లు దిగేటప్పుడు మదుం దగ్గర వెదురు మావు కడితే చాలు. ఇక్కడ దాన్నే కుమ్‌నీ అంటారు. మొహం వెడల్పు, మెడ ఇరుకు. లోపలి వెదురు పుల్లల కొనలు లోనికే వంగి ఉంటాయి, కాబట్టి దూరిన చేప మళ్లీ బయటపడదు. వరిలో చేప అన్నది ఎవరో కనిపెట్టిన పద్ధతి కాదు. నీరున్న మడిలో చేప ఉండటమే సహజం. లేకపోతే, ఎందుకు లేదని అడగాలి.

తెలుగుదేశంలో మాత్రం ఈ రెంటి మధ్య పాతకాలం నుంచే ఒక గోడ ఉంది. మనది చెరువు కింది సేద్యం. చెరువులో చేప, ఆయకట్టులో వరి. తూముకు పైన ఉన్నది బెస్తలది, గంగపుత్రులది, ముదిరాజులది. తూముకు కింద ఉన్నది కాపుది. ఇద్దరికీ కావలసింది ఒకే నీరు, కానీ హక్కులు వేరు, పనిముట్లు వేరు, కులాలు వేరు. నీరు తీసే రోజున చేపల సంఘానికీ ఆయకట్టు రైతులకూ తగువు పడని ఊరు తక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ఉచిత చేపపిల్లల పంపిణీ కూడా చెరువులకే, అంటే తూము పైకే వెళ్లింది. మళ్లలో చేపలు పెంచమని కాపుకు చెప్పడానికి వ్యవసాయ శాఖ ఉంది, చేపపిల్లలివ్వడానికి మత్స్యశాఖ ఉంది. ఈ పని ఎవరిదో ఇద్దరికీ తెలియదు. నా దృష్టిలో అసలు అడ్డు ఇదే: చేప వరికి శత్రువు కావడం కాదు, చేప పెంచే చెయ్యి, వరి వేసే చెయ్యి ఒకటి కాకపోవడం.

ఆ రెండు చేతులూ ఒకటైన చోట్ల ఏం జరిగిందో చూద్దాం. చైనాలో హాన్ వంశం కాలపు సమాధుల్లో దొరికిన వరి మడి మట్టి నమూనాల్లో చేప బొమ్మలున్నాయి. జెజియాంగ్ రాష్ట్రం చింగ్‌థియాన్‌లో కొండవాలు మళ్లలో ఎర్ర చేపలు పెంచే ఆచారం వెయ్యేళ్లకు పైబడినది. 2005లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అక్కడి రైతుల మళ్లను కొన్నేళ్లపాటు గమనించిన పరిశోధన 2011లో అచ్చయింది. వరి దిగుబడిలో తేడా ఏమీ రాలేదు. కానీ చేపలేని మడికి, చేపలున్న మడికన్నా 68 శాతం ఎక్కువ పురుగుమందు, 24 శాతం ఎక్కువ రసాయన ఎరువు పట్టింది.

కారణాలు కంటికి కనబడేవే. చేప దుబ్బుల మధ్య దూరుతూ కాండాన్ని తగిలినప్పుడల్లా దుబ్బు అదురుతుంది, కాండానికి అంటుకున్న దోమ నీళ్లలో రాలుతుంది, చేప మింగుతుంది. దోమపోటుతో కుప్పలు కుప్పలుగా పడిపోయిన చేలు చూసినవాళ్లకు ఈ ఒక్క మాట చాలు. చేప లేత కలుపు తింటుంది, అడుగు బురద కెలుకుతుంది, దాని విసర్జనలోని నత్రజని వేళ్లకు అందుతుంది. వరి ఏమీ ఊరికే తీసుకోదు: ఎండాకాలపు మధ్యాహ్నాల్లో ఆకు నీడతో నీటిని చల్లగా ఉంచి చేపను కాపాడుతుంది. నీటిలోని అమ్మోనియాను తాను పీల్చుకుని నీటిని శుభ్రం చేస్తుంది.

మన దేశంలో దీనికి మంచి ఉదాహరణ అరుణాచల్‌లోని జీరో లోయ. అపతానీలు 1960ల నుంచి మళ్లలో బంగారుతీగ చేపలు పెంచుతున్నారు. గట్ల మీద చోడి, మడిలో వరి, కాలువలో చేప. మందు చల్లరు. ఊరంతా కలిసి కాలువలు బాగుచేసుకుంటారు. కటక్‌లో 1946లో పెట్టిన కేంద్ర వరి పరిశోధన సంస్థ లోతట్టు భూములకు సరిపోయే వరి-చేప-బాతు నమూనాలు తయారుచేసింది. వాటిలో గట్ల మీద కూరగాయలు, అరటి కూడా ఉంటాయి. మళ్లలో వదలడానికి ఒకప్పుడు చేపపిల్ల ఏట్లోంచి రావలసిందే, అది ఏ జాతిదో కూడా తెలిసేది కాదు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి సూదిమందుతో కార్పు చేపలకు గుడ్లు పెట్టించిన దగ్గర్నుంచి ఆ ఇబ్బంది తీరింది. ఆ తేదీనే ఇప్పుడు దేశమంతా చేప రైతుల దినంగా జరుపుకుంటున్నారు.

ఇక మడిని ఎలా సిద్ధం చేయాలన్నది. ఎకరా దోన్ ఉందనుకుందాం. పదో వంతు, అంటే 10 సెంట్ల మేర, పల్లం వైపు గట్టు వెంబడి మీటరు లోతు కందకం తవ్వాలి. ఆ కందకం చేపకు ఇల్లు. ఎండ కాసినా, మడి ఆరినా, మందు చల్లవలసి వచ్చినా చేప అందులో దాక్కుంటుంది. 10 సెంట్లు మీటరు లోతంటే సుమారు 400 ఘనపు మీటర్ల మట్టి, నూటికి పైగా ట్రాక్టరు లోడ్లు. ఖర్చంతా అక్కడే. ఆ మట్టితో గట్టు ఎత్తు చేసి, కంది గానీ బెండ గానీ వేయవచ్చు. మదుంలకు వెదురు తడికె లేదా సన్నకన్ను జాలీ కట్టాలి. నాటిన రెండు మూడు వారాలకు, పిలకలు నిలదొక్కుకున్నాక, వేలెడు పొడవు పిల్లల్ని వదలాలి. అంతకన్నా చిన్నవి వదిలితే కప్పలకూ కొంగలకూ దానం చేసినట్టే.

ఎకరానికి 2,000 పిల్లలు వదిలామనుకుందాం. మూడో వంతు మిగిలి, ఒక్కోటి 150 గ్రాములు తూగితే 100 కిలోలు. కందకం కింద పోయిన వరి, ఎకరాకు 20 క్వింటాళ్లు పండే చోట, 2 క్వింటాళ్లు. 2024-25 కనీస మద్దతు ధర 2,300 రూపాయల లెక్కన 4,600 రూపాయల నష్టం. చేప కిలో 150కి అమ్మినా 15,000 వస్తుంది. పిల్లల ఖర్చూ మేత ఖర్చూ పోయినా రైతుకు మిగులే. నేను కావాలనే తక్కువ లెక్క వేశాను. శ్రద్ధగా మేత వేసినవాళ్లు ఇంతకు రెండు మూడింతలు తీయడం కొత్తకాదు. మరి లెక్క ఇంత తేటగా ఉంటే రైతు ఎందుకు వెనకాడతాడు?

మొదటి కారణం మందు. మా మేనమామ వంశధార కాలువ కింద అరవై సెంట్ల మడిలో ఒక ఏడు బంగారుతీగ పిల్లలు వదిలాడు. రెండు నెలలు పెరిగాయి, సాయంత్రం తవుడు చల్లితే మూతులు పైకెత్తి వచ్చేవి. ఒక రాత్రి ఎగువ మడిలో ఎవరో పురుగుకు మందు కొట్టారు, వానొచ్చి ఆ నీరు మదుంలోంచి దిగింది. తెల్లారేసరికి తెల్లటి పొట్టలు తేలి ఉన్నాయి. అత్త వాటిని ఏరి గోతిలో పూడ్చింది. ఎగువవాడు తప్పు చేశాడని అనడానికి లేదు, అతని పొలం అతను కాపాడుకున్నాడు. వరిలో వాడే గుళికలు, సైపర్‌మెత్రిన్ వంటి మందులు, బుటాక్లోర్ కలుపుమందు, ఇవన్నీ చేపకు విషం. మడి నీరు కిందికి పారినంత మేరా ఒక రైతు నిర్ణయం పదిమంది మళ్లలో అమలవుతుంది. కాబట్టి వరిలో చేపను ఒక్క రైతు పెట్టలేడు, ఒక చాలు మళ్ల రైతులంతా కలిసి పెట్టాలి. ఇండొనేసియా ఈ సంగతి దేశస్థాయిలోనే గ్రహించింది. దోమ మందుకు లొంగకుండా విజృంభించిన 1986లో అధ్యక్షుడి ఉత్తర్వుతో వరి మీద 57 రకాల మందుల వాడకాన్ని నిషేధించింది. దోమను తినే సాలీళ్లను ఆ మందులే చంపుతున్నాయని తేలడం అందుకు కారణం. మందు తగ్గితే మేలు పొందేది చేప ఒక్కటే కాదు.

రెండో కారణం, వ్యవసాయంలో వస్తున్న మంచి మార్పులే చేపకు ఎదురు కావడం. నీరు పొదుపు చేయమని, మడిని ఆరుతడిగా ఉంచమని ఇవాళ రైతుకు చెబుతున్నారు. మీథేన్ తగ్గుతుంది, బోరు మీద భారం తగ్గుతుంది. తెలంగాణలో బోరు కింద వరి వేసే రైతుకు ఇది సరైన సలహా. చేప మాత్రం నిలవ నీరు అడుగుతుంది. ఈ రెంటినీ ఒకే నోటితో చెప్పే వ్యాసాలు చదివినప్పుడు నాకు బాధేస్తుంది. బోరు నీటితో వరిలో చేపలు పెంచమని ఎవరైనా చెబితే నమ్మకూడదు. వాన నీరు ఎలాగూ నిలిచే పల్లం ఉన్నచోటే ఈ పద్ధతికి అర్థం. అలాగే కోత మిషను. గోదావరి జిల్లాల్లో కోతంతా మిషన్లదే. గట్టి నేల, అడ్డులేని మడి దానికి కావాలి. కందకం తవ్విన మడి దానికి పనికిరాదు. కొడవలితో కోసే జార్ఖండ్ చిన్న మళ్లకు ఆ బెడద ఇంకా తక్కువే.

మూడోది అన్నిటికన్నా లోతైనది: చేప డబ్బు తెస్తుంది, డబ్బు తెచ్చినప్పుడు వరిని తరిమేస్తుంది. కొల్లేరు కథ మనకు తెలుసు. 1970లలో సహకార సంఘాలతో మొదలైన చేపల చెరువులు సరస్సు మీదికీ, చుట్టూ ఉన్న వరి పొలాల మీదికీ పాకాయి. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో చెరువు గట్లను బాంబులు పెట్టి, యంత్రాలతో తెగగొట్టారు. అయినా డెల్టాలో వరి పొలం చెరువుగా మారడం ఆగలేదు. ఒకసారి చెరువు తవ్వాక పక్క పొలంలోకి ఊట దిగుతుంది, అక్కడ వరి పండదు, అతనూ చెరువే తవ్వుతాడు. ఆ చెరువుల్లో మేత ఎలా వేస్తారో చూడండి. ప్లాస్టిక్ సంచికి అడుగున చిల్లులు పొడిచి, నూనె తీసిన తవుడు నింపి, నీళ్లలో పాతిన కర్రలకు వేలాడదీస్తారు. చేపలు కింది నుంచి సంచిని పొడుస్తూ తింటాయి. ఒకే మడిలో కలవని వరీ చేపా చివరికి ఆ సంచిలో కలుస్తున్నాయి, మధ్యలో రైసుమిల్లు, నూనె మిల్లు, లారీ, డీజిలు అన్నీ దాటి.

కేరళ పొక్కాలి పొలాల్లోనూ అంతే. వానాకాలం ఉప్పు తగ్గినప్పుడు వరి, తర్వాత ఉప్పునీట రొయ్య, ఇది పాత వంతు. వరి వేశాకే రొయ్య అని నియమం ఉన్నా, రొయ్య ధర చూసి వరి మానేసే యజమానులు పెరిగారని అక్కడి రైతు సంఘాల ఫిర్యాదు. చైనాలో వరి-ఎర్రరొయ్య సాగు వేగంగా వ్యాపించినప్పుడు కందకాలు మడిని మింగేయడం మొదలుపెట్టాయి. అప్పుడు ప్రభుత్వం కందకం పొలంలో 10 శాతం దాటకూడదని ప్రమాణం పెట్టింది. మనం నేర్చుకోవలసింది ఈ పది శాతం గీతనే. ఆ గీత లేకుండా వరి-చేపల సాగుకు రాయితీలిస్తే, నాలుగేళ్లలో అది చేపల చెరువుగానే తేలుతుంది.

గోదావరి డెల్టాలో ఇంకో చిక్కు ఉంది. పొలం దున్నేది ఎక్కువగా కౌలు రైతు. కౌలు ఏడాదికోసారి, నోటిమాట మీద. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా పదకొండు నెలల ఒప్పందాన్నే గుర్తిస్తుంది. వచ్చే ఏడు తనది కాని పొలంలో 400 ఘనపు మీటర్ల మట్టి ఎవరు తవ్వుతారు? తవ్వనిచ్చే భూస్వామి ఎవరు? జార్ఖండ్‌లో, కనీసం ఆదివాసీ గ్రామాల్లో, పరిస్థితి వేరు. 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం ఆదివాసీ భూమిని బయటివాళ్లు కొనకుండా కాపాడింది. అదే చట్టం కోర్‌కర్ అనే పాత ఆచారాన్నీ గుర్తించింది: బీడును చెక్కి, గట్టు వేసి, దోన్ చేసినవాడికి ఆ దోన్ మీద హక్కు. మట్టి తవ్విన చేతికే మడి దక్కుతుందని రాసిపెట్టిన చట్టం ఇది. కందకం తవ్వే ధైర్యం అలాంటి హక్కులోంచి వస్తుంది. అందుకే వరి-చేపల సాగుకు భీమవరం కన్నా పోట్కా, పటమ్దా వంటి బ్లాకులే తగిన చోట్లని నేను గట్టిగా నమ్ముతాను, అక్కడ డబ్బు తక్కువైనా, కాలువ లేకపోయినా.

కాలువ లేకపోవడం చిన్న సంగతేం కాదు. ఇక్కడ వరి వానదేవుడి మీద ఆధారం. 2022లో జార్ఖండ్‌లో 226 బ్లాకుల్ని కరువు ప్రాంతాలుగా ప్రకటించారు. అలాంటి ఏడు నాట్లే పడవు, చేపేమిటి? దీనికి కొంత మందు ఈ నేల మీదే ఉంది. పొలంలో చిన్న గుంటను ఇక్కడ డోభా అంటారు, 2016లో ప్రభుత్వం వాటిని పెద్దఎత్తున తవ్వించింది. ఎన్నో డోభాలు మెట్టన, నీరు నిలవని చోట తవ్వి వృథాగా ఎండిపోయాయి. డోభాను అడుగు దోన్ మూలన తవ్వితే అదే కందకం అవుతుంది: వానాకాలం చేప మడిలోకి మేతకు వెళ్తుంది, నీరు తగ్గితే డోభాలోకి దిగుతుంది, వరి కోసాక కూడా పుష్యమాసం దాకా పెరుగుతుంది. చెరువు వేరు, మడి వేరు అన్న మాట అక్కడ చెరిగిపోతుంది. ముంపు వచ్చే చోట స్వర్ణ బదులు స్వర్ణ-సబ్1 వేస్తే రెండు వారాలు మునిగినా బతుకుతుంది. అది కూడా మన మార్టేరు స్వర్ణ బిడ్డే. ఒక జాగ్రత్త: పట్నం మురుగు, కార్ఖానాల నీరు కలిసే ఖర్‌కాయి ఒడ్డు పొలాల్లో ఈ పని పెట్టుకోకూడదు. నీటిలో ఉన్నదే చేప ఒంట్లోకి వస్తుంది.

ఈ విషయం మీద రాసేవాళ్లు చాలామంది దాటేసే మాట ఒకటుంది, అది డేగిసా ముందు కూర్చున్న ఆడవాళ్లది. దోన్‌లో దానంతటది పెరిగిన చేప ఎవరిది? పొలం ఎవరిదైనా, పట్టుకున్నవాళ్లది. భూమి లేని ఇంటి పిల్లలు ఆ మళ్లలో చిన్న చేపలు, పీతలు, నత్తలు ఏరుకొస్తారు, ఆ రోజు కూర అదే. రైతు డబ్బుపెట్టి పిల్లల్ని వదిలాడంటే ఆ మడి మూతపడుతుంది. చేప అతని సొత్తు అవుతుంది, ఏరుకున్నవాళ్లు దొంగలవుతారు. తూకానికి ఎదిగే రోహు పట్నం బజారుకు వెళ్తుంది, పల్లెలో పిల్లల కంచంలోంచి పరిగె వెళ్లిపోతుంది. ముల్లుతో, తలతో నమిలి తినే చిన్న చేపల్లో ఎంత కాల్షియం, ఎంత ఎ-విటమిన్ ఉన్నాయో, వాటిని చెరువుల్లో పెద్ద చేపలతో కలిపి ఎలా పెంచవచ్చో బంగ్లాదేశ్‌లో చూపించినందుకే శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. కాబట్టి మళ్లలోకి చేపపిల్లలు పంపే శాఖ ఏదైనా, కందకంలో పెంచిన చేప రైతుదనీ, మడిలో తిరిగే చిల్లర చేప ఏరుకునేవాళ్లదనీ గ్రామసభలో ముందే తేల్చాలి. ఆ మాట రాయితీ కాగితంలో రాయాలి.

మొన్నటి ఆదివారం నేను బేరమాడిన ఆమె పటమ్దా వైపు నుంచి వచ్చింది. డేగిసాలో ఎనిమిదో తొమ్మిదో సింఘీలు మిగిలాయి. సింఘీకి పక్క ముల్లు విషం, గుచ్చుకుంటే చెయ్యి సాయంత్రం దాకా సలుపుతుంది. ఆమె అరచేతికి బూడిద రాసుకుని, ఒక్కోదాని తల నొక్కి పట్టి, ముల్లు విరిచి, కత్తిపీట మీదికి జరిపింది. "పోయినేడు రెండు డేగిసాలు తెచ్చేదాన్ని," అంది హిందీలో. "ఎగువ దోన్ వాళ్లు ఈసారి దవాయి కొట్టారు." చేపలు శాలు ఆకులో చుట్టి ఇచ్చి, మిగిలిన నీళ్లు రోడ్డు వారన ఒంపేసి, ఖాళీ డేగిసా నెత్తిన పెట్టుకుని బస్సు వైపు నడిచింది.